క్లాంప్ గైడ్ కొంటున్నారా? చివర్లు కాదు, మధ్య భాగం చూడండి

డెస్క్ సెటప్ వీడియోలు చూసి చూసి మనలో చాలామందికి ఒక స్టేజ్ వస్తుంది. మానిటర్ కొన్నాం, మానిటర్ ఆర్మ్ కొన్నాం, కీబోర్డులో స్విచ్‌లు కూడా మార్చేశాం. వీటన్నిటినీ మోస్తున్న టేబుల్ మాత్రం ఇంటర్ చదివేటప్పటిదే. బి.కొత్తకోటలోనో, మదనపల్లెలోనో, పుంగనూరులోనో కూర్చుని బెంగళూరు కంపెనీకి వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లకు ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. రెడీమేడ్ డెస్క్ మన గది కొలతకు సరిపోదు. కొలత ప్రకారం చేయించుకుందామంటే మంచి ఆచారి దొరకడానికే నెల పడుతుంది, ఇల్లు కట్టే సీజన్‌లో అయితే ఫోన్ కూడా ఎత్తరు.

అప్పుడు ఆన్‌లైన్ సేల్‌లో ఒక సర్క్యులర్ సా కనిపిస్తుంది. స్పెక్స్ బాగుంటాయి. బాష్ జీకేఎస్ 190 లాంటి దాంట్లో 1400 వాట్ల మోటార్, 190 మిల్లీమీటర్ల బ్లేడ్, ఖాళీగా తిరిగితే 5500 ఆర్‌పీఎం. మనకు కావాల్సిన దానికంటే ఎక్కువే. షీటు తెచ్చి, పెన్సిల్‌తో గీత గీసి, దాని వెంబడి కోస్తాం. కోత చూస్తే హార్స్లీ హిల్స్ ఘాట్ రోడ్డులా ఉంటుంది. తప్పు మెషీన్‌ది కాదు. నాలుగైదు కిలోల బరువున్న తిరిగే యంత్రాన్ని 4 అడుగుల పొడవునా ఉత్త చేత్తో తిన్నగా నడపడం చాలా ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకే కష్టం.

దీనికి మందు క్లాంప్ ఆన్ స్ట్రెయిట్ ఎడ్జ్ గైడ్. ఒక అల్యూమినియం బద్ద, దాని రెండు చివర్లా కింది వైపు దవడలు. షీటు రెండు అంచుల్నీ ఆ దవడలు పట్టుకుంటాయి, ఒక మీట నొక్కితే లాక్ అవుతుంది. పైన ఏ స్క్రూ, ఏ హ్యాండిల్ అడ్డం ఉండదు కాబట్టి సా బేస్‌ని ఆ బద్దకు ఆనించి తోసుకుంటూ పోవడమే. బోరా అనే అమెరికన్ బ్రాండ్ వీటికి బాగా పేరున్నది. 24, 36, 50 అంగుళాల సైజులుంటాయి. 50కి ఇంకో 50 జోడించి 100 చేసుకునే సెట్టు కూడా ఉంది. అదే డిజైన్‌లో వేరే పేర్లతో వచ్చేవి బోలెడు.

ఇక్కడే మనం ఫోన్ కొనేటప్పుడు చేసే పనే చేస్తాం. మెగాపిక్సెల్స్ చూసి కెమెరా కొన్నట్టు, అంగుళాలు చూసి గైడ్ కొంటాం. లిస్టింగ్‌లో పొడవు ఉంటుంది, బరువు ఉంటుంది, "హెవీ డ్యూటీ" అన్న మాట పెద్దక్షరాల్లో ఉంటుంది. తోసినప్పుడు మధ్యలో ఎంత వంగుతుందన్న ఒక్క ముక్క మాత్రం ఎక్కడా ఉండదు. మీ కోత తిన్నగా వస్తుందా రాదా అన్నది తేల్చేది ఆ ముక్కే.

మధ్యలో వంగుడు: చిన్న లెక్క

గైడ్‌ని పట్టుకునేది రెండు చివర్లలోనే. మీరు సాని దానికి ఆనించి తోసేటప్పుడు కొంత ఒత్తిడి పక్కకు పడుతుంది. చివర్లలో క్లాంప్ ఉంది కాబట్టి అక్కడ కదలదు. మధ్యలో మాత్రం బద్ద విల్లులా వంగుతుంది. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు బీమ్ డిఫ్లెక్షన్ ఫార్ములా గుర్తుండే ఉంటుంది. వంగుడు పొడవు ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. అంటే అదే బద్దను రెట్టింపు పొడవు చేస్తే వంగేది రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు.

అంకెల్లో పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. 75 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల ఎత్తు, 1.5 మిల్లీమీటర్ల గోడ మందం ఉన్న అల్యూమినియం డబ్బా గొట్టం ఒకటి తీసుకుందాం. రెండు చివర్లు మాత్రమే ఆనించి, మధ్యలో సుమారు 3 కిలోల ఒత్తిడితో పక్కకు తోస్తున్నాం అనుకుందాం. 1220 మిల్లీమీటర్లకు, అంటే 4 అడుగులకు, లెక్క ప్రకారం వంగేది 0.08 మిల్లీమీటరు. కంటికి ఆనదు. అదే గొట్టం 2440 మిల్లీమీటర్లు, అంటే 8 అడుగులు ఉంటే 0.68 మిల్లీమీటరు. ఇప్పుడు అదే 8 అడుగుల గొట్టాన్ని పడుకోబెట్టకుండా సన్నటి వైపు నిలబెట్టి వాడితే దాదాపు 3.9 మిల్లీమీటర్లు! అదే లోహం, అదే బరువు, అదే చెయ్యి. ప్లైవుడ్‌తో రాపిడి ఉంటుంది కాబట్టి నిజంగా ఇంతకంటే కొంచెం తక్కువే వంగొచ్చు. కానీ తేడా ఏ లెవెల్లో ఉంటుందో అర్థమైంది కదా.

కాబట్టి గైడ్ ఫొటో చూసేటప్పుడు మొదట చూడాల్సింది వెడల్పు. షీటు మీద పరుచుకున్నట్టు వెడల్పుగా, లోపల అడ్డగోడలున్న ప్రొఫైల్ మంచిది. సన్నగా, ఎత్తుగా ఉన్నది వద్దు. ఎత్తు ఎక్కువైతే ఇంకో తలనొప్పి కూడా ఉంది. కోత లోతు పెంచేకొద్దీ సర్క్యులర్ సా మోటార్ బేస్‌కి దగ్గరగా దిగుతుంది. మోటార్ ఉన్న వైపు గైడ్ పెట్టుకుంటే అది గైడ్‌కి తగులుకుని ఆగిపోతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైకి ఈ ఇబ్బంది దాదాపు రాదు. వేపచెక్కో టేకో మందంగా ఉన్నది కోసేటప్పుడు వస్తుంది.

50 అంగుళాలా, 100 అంగుళాలా?

మన దగ్గర ప్లైవుడ్ షీటు 8 బై 4, అంటే 2440 బై 1220 మిల్లీమీటర్లు. గైడ్ సైజులు 50, 100 అని ఉండటం దీన్నిబట్టే. 48 అంగుళాల వెడల్పుకి 50, 96 అంగుళాల పొడవుకి 100.

కొనే ముందు కాగితం మీద షీటు గీసి, మీ కోతలు వేసి చూడండి. ఇది ఐదు నిమిషాల పనే. 4 అడుగులు బై 2 అడుగుల డెస్క్ కావాలంటే షీటుని అడ్డంగా మూడుసార్లు కోస్తే నాలుగు టాప్‌లు వస్తాయి. మూడు కోతలూ 4 అడుగులవే. 50 అంగుళాల గైడ్‌తో పని అయిపోతుంది. పూర్తి 2 అడుగులు మాత్రం రాదు. ఒక్కో కోతకు బ్లేడ్ సుమారు 2 మిల్లీమీటర్లు తినేస్తుంది. మూడు కోతలకు 6 పోతే, మిగిలిన 2434ని నాలుగుతో భాగిస్తే 608.5 మిల్లీమీటర్లు. 24 అంగుళాలంటే 609.6. డెస్క్‌కి ఈ ఒక మిల్లీమీటర్ లెక్కలోకి రాదు గానీ డ్రాయర్‌కి వస్తుంది.

డ్యూయల్ మానిటర్ కోసం 5 అడుగులు బై రెండున్నర అడుగులు కావాలనుకోండి. మొదటి కోత 4 అడుగులే, ఓకే. రెండో కోత 60 అంగుళాలు. 50 అంగుళాల గైడ్ అక్కడ చేతులెత్తేస్తుంది. చాలామంది ఈ సంగతి పార్సిల్ విప్పాకే తెలుసుకుంటారు.

అయితే 100 అంగుళాల సెట్టే కొనేద్దామా? నేనైతే వద్దనే అంటాను. పైన చూసిన ఎనిమిది రెట్ల లెక్క ఒక కారణం. రెండోది జాయింట్. కొరియర్‌లో 8 అడుగుల ఒకే బద్ద పంపడం కష్టం కాబట్టి ఇలాంటి సెట్టు రెండు ముక్కలుగా వస్తుంది. మధ్యలో ఒక కనెక్టర్, నాలుగు స్క్రూలు. వంగుడు ఎక్కువగా ఉండే చోటే అతుకు కూడా ఉందన్నమాట. ఈ అతుకుని పక్కాగా బిగించి, తిన్నగా ఉందో లేదో ప్రతిసారీ చెక్ చేసుకునే ఓపిక ఉంటే తీసుకోండి. లేదంటే పొడుగు కోతకు వేరే దారి ఉంది, కింద చెప్తాను.

50 అంగుళాల దాంట్లోనూ ఒక చిక్కు ఉంది. 48 అంగుళాల షీటు మీద పెడితే మిగిలేది 2 అంగుళాలే. కోత మొదలుపెట్టేటప్పుడు సా బేస్‌లో ముందు భాగం మాత్రమే గైడ్‌కి ఆనుతుంది, ముగించేటప్పుడు వెనక భాగం మాత్రమే. అక్కడ చెయ్యి కొంచెం తిరిగినా కోత చివర వంకర పోతుంది. మిగిలిన ఆ కాస్త పొడవూ కోత మొదలయ్యే వైపు ఉండేలా సర్దుకోండి. మొదటి కొన్ని అంగుళాలు నెమ్మదిగా, బేస్ ముందు భాగాన్ని గైడ్‌కి అదిమి పెట్టి నడపండి.

చేతికి వచ్చాక టెస్టింగ్

మనం ఫోన్‌కి డెడ్ పిక్సెల్ టెస్ట్ చేసినట్టే దీనికీ ఒక టెస్ట్ ఉంది, పైసా ఖర్చులేనిది. గైడ్‌ని షీటు మీద పెట్టి అంచు వెంబడి సన్నటి పెన్సిల్‌తో గీత గీయండి. తర్వాత గైడ్‌ని ఈ చివర ఆ చివరకు తిప్పి, అదే అంచుని గీతకు అవతలి వైపు నుంచి ఆనించి మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే అంచు తిన్నగా ఉన్నట్టు. మధ్యలో సందు వస్తే, అసలు వంకర ఆ సందులో సగం. 1 మిల్లీమీటర్ సందు కనిపిస్తే వంకర అర మిల్లీమీటర్ అన్నమాట. రిటర్న్ విండో ఉన్నప్పుడే చేయండి.

తర్వాత షీటుకి బిగించి మధ్యలో బొటనవేలితో పక్కకు నెట్టండి. పక్కనే ఒక నైలాన్ దారం బిగుతుగా లాగి కట్టి ఉంచితే ఎంత కదులుతోందో కనిపిస్తుంది. ఒక చివర కూడా నెట్టి చూడండి. కొన్ని చవక గైడ్‌లలో జరిగే దవడకీ బద్దకీ మధ్య లూజు ఉంటుంది. మీట లాక్ అయినా దవడ ఊగుతూనే ఉంటుంది. ఇది ఉంటే ఎంత మంచి ప్రొఫైల్ అయినా వేస్ట్.

గట్టిగా పట్టాలని మీటని మరీ బిగించొద్దు. దవడలు షీటుని రెండు వైపులా నొక్కుతాయి కాబట్టి ఎక్కువైతే బద్ద వంగొచ్చు. కింద కాగితం ముక్క దూర్చి చూస్తే తెలిసిపోతుంది. ఇంకొకటి, 6 మిల్లీమీటర్ల పల్చటి షీటుకి దవడలు కింద పొడుచుకొచ్చి నేలకు తగులుతాయి. ఎలాగూ షీటు కింద బద్దలు పేర్చాలి కాబట్టి వాటిని దవడలకు తగలని చోట, కోత గీతకు రెండు వైపులా వేసుకోండి. అలా వేస్తే కోసిన ముక్కలు కిందికి కుంగి బ్లేడ్‌ని నొక్కవు. బ్లేడ్ నలిగితే సా వెనక్కి ఎగిరి మీ మీదికొస్తుంది. దాన్నే కిక్‌బ్యాక్ అంటారు. అందుకే సా వెనకాల సూటిగా నిలబడకుండా కొంచెం పక్కకు నిలబడాలి.

మేస్త్రీ బద్దతో పోలిస్తే

"ఇంత లెక్కలెందుకప్పా, మేస్త్రీ దగ్గరున్న అల్యూమినియం బద్ద పెట్టి రెండు క్లాంపులు బిగిస్తే అయిపోదా?" అని ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా అంటారు. నిజం చెప్పాలంటే ఆ మాటలో తప్పేమీ లేదు. గోడకు ప్లాస్టరింగ్ చదును చేసే ఆ బద్ద పైన లెక్క వేసిన గొట్టం లాంటిదే. 6 అడుగుల ఒకే ముక్కగా దొరుకుతుంది, అతుకు ఉండదు. వెడల్పు వైపు పడుకోబెట్టి, ఒక్కో చివర ఒక ఎఫ్ క్లాంప్ బిగిస్తే 60 అంగుళాల కోత కూడా వచ్చేస్తుంది. సిమెంటు అంటుకున్న పాతది కాకుండా కొత్తది తీసుకుని, షాపులోనే పెన్సిల్ టెస్ట్ చేయండి. గోడకు సరిపోయే తిన్నదనం డెస్క్‌కి సరిపోకపోవచ్చు.

మరి బ్రాండెడ్ గైడ్ ఎందుకు? స్పీడ్ కోసం. ఎఫ్ క్లాంపుల హ్యాండిళ్లు పైకి లేచి ఉంటే సా మోటార్‌కి తగులుతాయి, కిందికి తిప్పి పెట్టుకోవాలి, ప్రతి కోతకీ రెండు చివర్లా వంగి బిగించాలి. ఒక డెస్క్‌కి ఇది పెద్ద పని కాదు. వార్డ్‌రోబ్, షెల్ఫులు, కిచెన్ అని మొదలుపెడితే ముప్పై కోతలుంటాయి. అప్పుడు ఒక్క మీటతో లాక్ అయ్యే గైడ్ విలువ తెలుస్తుంది.

ఫెస్టూల్, మకీటా, బాష్‌లవి వేరే జాతి. అవి గైడ్‌లు కావు, ట్రాక్‌లు. సా పక్కన కాకుండా ట్రాక్ మీదే కూర్చుని గాడిలో నడుస్తుంది, అంచున ఉన్న రబ్బరు పట్టీయే కోత గీత. క్వాలిటీలో వాటికి సాటి లేదు. కానీ ఆ గాడిలో కూర్చునే సా కూడా కావాలి. మకీటా ప్లంజ్ సా ఫెస్టూల్ ట్రాక్ మీద నడుస్తుంది, బాష్ ఎఫ్‌ఎస్‌ఎన్ ట్రాక్ మాత్రం వేరే ఎకోసిస్టమ్. ఐఫోన్, ఆండ్రాయిడ్ ఛార్జర్ల పాత గొడవ లాంటిదే ఇది. ఒక్క డెస్క్ కోసం ఇందులోకి దిగక్కర్లేదు.

ఇంట్లో చేసుకునే గైడ్, నా ఓటు దీనికే

పొడుగు కోతకు వేరే దారి అన్నది ఇదే. 6 మిల్లీమీటర్ల ప్లై 8 అడుగుల పొడవు, సుమారు ఒక అడుగు వెడల్పు పట్టీ ఒకటి. 12 మిల్లీమీటర్ల ప్లై 8 అడుగుల పొడవు, 4 అంగుళాల వెడల్పు పట్టీ ఇంకొకటి. రెండో పట్టీకి ఒక అంచు తప్పనిసరిగా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంచు అయి ఉండాలి, రెండో అంచు ఎంత వంకరగా ఉన్నా పర్లేదు. సన్న పట్టీని వెడల్పు పట్టీ మీద ఫెవికాల్, స్క్రూలతో బిగించండి. ఫ్యాక్టరీ అంచు సా నడిచే వైపు చూస్తూ ఉండాలి. ఆ వైపు సా బేస్ కంటే ఒక అంగుళం ఎక్కువ జాగా వదలండి. అవతలి వైపు క్లాంపులు పట్టడానికి కొంచెం చాలు.

ఫెవికాల్ ఆరాక సాని ఫ్యాక్టరీ అంచుకి ఆనించి ఒకసారి చివరిదాకా నడపండి. కింది పట్టీలో మిగులు తెగిపోతుంది. ఇప్పుడు ఆ తెగిన అంచు ఎక్కడుందో మీ బ్లేడ్ సరిగ్గా అక్కడే కోస్తుంది. షీటు మీద గీసిన గీత మీద ఆ అంచు పెట్టి, రెండు చివర్లా క్లాంప్ వేసి కోసేయడమే. కొలత లెక్కలేదు, ఆఫ్‌సెట్ లేదు. కింది పట్టీ పైపొరను అదిమి ఉంచుతుంది కాబట్టి ఆ వైపు పొరలు కూడా తక్కువ లేస్తాయి. అడుగు వెడల్పు ప్లై పడుకుని ఉంటుంది కాబట్టి పక్కకు వంగడం చాలా తక్కువ. పోయేదల్లా 6 మిల్లీమీటర్ల కోత లోతు. అది మీ సాకి, మీ బ్లేడ్‌కి మాత్రమే సెట్ అవుతుంది. బ్లేడ్ మందం మారిస్తే ఇంకొకటి చేసుకోవాలి. ఎండలో గోడకు వాలుగా నిలబెట్టి వదిలేస్తే వంగిపోతుంది, మేకుకు నిలువుగా వేలాడదీయండి.

అల్యూమినియం క్లాంప్ గైడ్ వాడితే ఆఫ్‌సెట్ తప్పదు. బేస్ అంచు నుంచి బ్లేడ్ పంటి దాకా దూరం కొలిచి, గైడ్‌ని గీత నుంచి అంత దూరంలో పెట్టాలి. టేపుతో కొలవొద్దు. ఒక చెత్త ముక్క మీద గైడ్ బిగించి, చిన్న కోత కోసి, గైడ్ అంచు నుంచి కోత దాకా డిజిటల్ కాలిపర్‌తో కొలవండి. ఆ అంకెను మార్కర్‌తో సా మీదే రాసుకోండి. మనకు కావాల్సిన ముక్క గైడ్ కింద ఉండాలి, వేస్ట్ బయటి వైపు. అప్పుడు చెయ్యి జారి సా గైడ్ నుంచి పక్కకు పోయినా పాడయ్యేది వేస్టే.

గైడ్ తిన్నదనం ఇస్తుంది, మూలమట్టం ఇవ్వదు. కోశాక కర్ణాలు రెండూ కొలవండి. 1220 బై 608 టాప్‌కి రెండూ 1363 మిల్లీమీటర్ల దగ్గర సమానంగా రావాలి.

మార్బుల్ కట్టర్ సంగతి

ఇది చెప్పకుండా వదలలేను. మన వైపు చాలా మంది ఆచారులు ప్లై కోసేది సర్క్యులర్ సాతో కాదు, 4 అంగుళాల మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడ్ వేసి. చిన్నది, తేలిక, చవక, 18 మిల్లీమీటర్ల ప్లైకి లోతు సరిపోతుంది. మీక్కూడా అదే కొనమని సలహా వస్తుంది. కానీ సర్క్యులర్ సాకి కింద ఒక గార్డ్ ఉంటుంది. కోత అవగానే స్ప్రింగ్‌తో అదే మూసుకుని బ్లేడ్‌ని కప్పేస్తుంది. మార్బుల్ కట్టర్‌కి అది ఉండదు. పైగా అది తిరిగేది సుమారు 12,000 ఆర్‌పీఎంలో, సర్క్యులర్ సాకి రెట్టింపు. రాయిని అరగదీసే పళ్లు లేని బ్లేడ్ కోసం చేసిన మెషీన్ అది. పళ్లున్న బ్లేడ్ చెక్కలో ఇరుక్కుని మెషీన్ ఎగిరితే కప్పడానికి ఏమీ లేదు. కింద పెట్టేటప్పుడు కూడా బ్లేడ్ తిరుగుతూనే ఉంటుంది. రోజూ చేసేవాళ్లకు చెయ్యి అలవాటు ఉంటుంది, అయినా వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. కీబోర్డ్ మీద బతికే మనకు వేళ్ల విలువ వేరే చెప్పక్కర్లేదు. గైడ్ మీద మిగిల్చిన డబ్బు గార్డ్ ఉన్న సా మీద పెట్టండి. కళ్లద్దాలు, మాస్క్ కూడా ఆ బిల్లులోనే వేసుకోండి.

అయితే ఏది కొనాలి?

ఒక్క డెస్క్ చేసుకుని ఆపేసేవాళ్లు గైడ్ కొనొద్దు. రెండు ఎఫ్ క్లాంపులు కొని, ఇంట్లో చేసుకునే గైడ్ చేసుకోండి. క్లాంపులు జీవితాంతం పనికొస్తాయి. ఇంట్లో ఫర్నిచర్ అంతా ఒక్కోటిగా చేద్దామనుకునేవాళ్లు 50 అంగుళాల క్లాంప్ గైడ్, వెడల్పు ప్రొఫైల్ ఉన్నది తీసుకోండి. దాంతో పాటు 8 అడుగుల కోతకు ప్లై గైడ్ ఉంచుకోండి. 24, 36 సైజులు షెల్ఫులకు ముద్దుగా ఉంటాయి గానీ ఫుల్ షీటు ముందు నిలబడవు, మొదటి కొనుగోలుగా వద్దు.

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేముందు పిన్‌కోడ్ కొట్టి చూడండి. పొడుగు పార్సిళ్లు చిన్న ఊళ్లకు రాని సందర్భాలుంటాయి. బెంగళూరు వెళ్లే పని ఉంటే ఎస్‌పీ రోడ్‌లో చేత్తో పట్టుకుని, మధ్యలో నెట్టి చూసి కొనుక్కోవచ్చు. షీటు కొనేటప్పుడు షాపులో ప్యానెల్ సా ఉందేమో అడగండి. ఉంటే మొదటి అడ్డకోత అక్కడే వేయించుకోండి. 4 అడుగుల ముక్కలైతే బి.కొత్తకోట దాకా ఆటోలో కూడా వచ్చేస్తాయి, మీరు వేయాల్సిన కోతల్లో ఒకటి తగ్గుతుంది. బ్లేడ్ మాత్రం సాతో వచ్చే 24 పళ్లది కాకుండా 40 నుంచి 60 పళ్లది తీసుకుని, మైకా ఉన్న వైపు కిందికి పెట్టి కోయండి. సర్క్యులర్ సా పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి, పొరలు లేచేది పై వైపే.